మడమ బేరం

సాన్ తిబుర్సియోలో తెల్లవారడం కంటికి కనబడదు, చెవికి వినబడుతుంది. సరస్సు మీంచి లేచిన మంచు ముందు ఇళ్ళ కప్పుల్ని మింగుతుంది, తర్వాత కొండవీధి మెట్లను కింది నుంచి పైకి తినుకుంటూ పోతుంది. ఆఖరికి పడుకున్నవాళ్ళ కలల్లోకి కూడా కాస్త తేమ పంపుతుంది. ఆ తేమలోంచి ఒక కేక లేస్తుంది.

"తాహో...ఓ...ఓ!"

చివరి అక్షరాన్ని పట్టుకుని సాగదీస్తే అది మెట్లెక్కి, మలుపు తిరిగి, కొండ మీది చర్చి గోడకు తగిలి మెల్లగా వెనక్కి వస్తుంది. సగం నిద్రలో ఉన్న పిల్లలు గ్లాసు కోసం చెయ్యి చాపుతారు. చేతికందింది కలలోని గ్లాసో, వంటింటి గ్లాసో వాళ్ళకే తెలియదు.

ఆ కేక మాంగ్ సెలోది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళను మర్యాదగా మగవాళ్ళయితే మాంగ్ అని, ఆడవాళ్ళయితే ఆలింగ్ అని పిలుస్తారు. అతని కావడికి ఒక వైపు డబ్బాలో వేడి వేడి తాహో, అంటే సోయా పాలు విరిగి మీగడలా పేరుకున్న ముద్ద. రెండో వైపు బెల్లపు పాకం, సగ్గుబియ్యం. కావడిబద్ద వెదురుది. అడుగుకొకసారి కిర్రుమంటుంది. ఊళ్ళో వాళ్ళు కేక కంటే ముందు ఆ కిర్రునే వింటారు. కిర్రుకీ కిర్రుకీ మధ్య ఎడం ఎప్పుడూ ఒక్కటే, ఊయల ఊగినట్టు.

కొన్నాళ్ళుగా ఆ ఊయల ఒక పక్కకు లాగుతోంది.

సెలో మంచం దిగి సిమెంటు నేల మీద మొదటి అడుగు వేయగానే కుడి మడమలో మేకు దిగినట్టయ్యేది. పొయ్యి దాకా మునివేళ్ళ మీద, గోడ పట్టుకుని వెళ్ళేవాడు. చిత్రమేమిటంటే, తాహో తయారుచేసే ఆలింగ్ తినాయ్ షెడ్డులో డబ్బా నింపుకుని వీధిన పడేసరికి ఆ మేకు కరిగిపోయేది. కొండ సగం ఎక్కేసరికి అసలు మడమ ఉన్నట్టే గుర్తుండేది కాదు.

సెలోకు లోకమంతా తూకం. వచ్చేదెంత, పోయేదెంత అని చూడనిదే నిద్ర పట్టదు. ఈ నొప్పిని కూడా అలాగే తూచాడు. నడిస్తే పోతోంది కాబట్టి ఇది నడక తక్కువైన నొప్పి అని తేల్చాడు. తేల్చి, చర్చి వెనక సందును కూడా తన తిరుగుడులో కలుపుకున్నాడు. వ్యాపారంలో గట్టివాడే. కాకపోతే ఒంటి విషయంలో, అప్పు ఇచ్చినవాడు నవ్వుతూ పలకరిస్తే బాకీ తీరిపోయిందనుకునే రకం.

ఇరుగుపొరుగు మాత్రం పస్మా అన్నారు. నడిచి నడిచి వేడెక్కిన కాళ్ళ మీద చన్నీళ్ళు పడితే నరాలు ముడుచుకుపోతాయనేది ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఎప్పుడో వేడి కాళ్ళతో సరస్సులో దిగి ఉంటాడు, ఇప్పుడు బయటపడింది అన్నారు. అప్పటినుంచి సెలో ఇంటికి రాగానే కాళ్ళకు పాత తువ్వాలు చుట్టుకుని, నీటి చుక్క తగలనీయకుండా సాయంత్రం దాకా కూర్చునేవాడు. కూర్చుని లేచాడంటే మళ్ళీ మేకు.

ఆ మెట్లను ఎప్పుడో వదిలేసేవాడే, కొండవీధి చివర ఆ పచ్చ గేటు లేకపోతే.

పచ్చ గేటు ఇల్లు అతని వియ్యపురాలు ఆలింగ్ పానియాంగ్‌ది. సెలో కూతురు లిగాయా, అల్లుడు తొలి బస్సుకే ఫ్యాక్టరీకి పోతారు. మనవరాలు నింగ్‌నింగ్ నానమ్మ దగ్గర ఉంటుంది. పిల్ల నామకరణపు విందులో పానియాంగ్ నిండు పందిని కాల్పించి బల్ల మీద పెట్టించింది. సెలో దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తడిమి, చుట్టాలందరి ముందూ అనేశాడు: "దీనికి చెప్పినంత బరువు లేదు. కొన్నవాళ్ళు మోసపోయారు." మాట నిజమే. కానీ ఎంత మంచి సరుకైనా సంత కాని చోట దింపితే నష్టమే. వియ్యంకులు ఒకరినొకరు బలాయే అని పిలుచుకోవడం ఆచారం. పానియాంగ్ ఆ రోజు నుంచి అతన్ని బలాయే అనలేదు. అవసరమొస్తే "ఆ తాహోవాడు" అనేది. గుమ్మం తొక్కనివ్వలేదు.

అయితే అతిథికి మూసిన గేటును అమ్ముకునేవాడికి ఎవరూ మూయలేరు. రోజూ తెల్లవారుజామున సెలో ఆ గేటు ముందు కావడి దించేవాడు. మంచులోంచి ముందు నీలం పూత గ్లాసు వచ్చేది, దాని వెనక నిద్రకళ్ళతో నింగ్‌నింగ్ వచ్చేది.

"లోలో, పాకం ఎక్కువ!"

"మీ తాత దివాలా తీస్తాడే తల్లీ."

"తియ్యనీ!"

ఆ కాసేపే సెలో సంపాదన. మిగిలినదంతా దారి ఖర్చు.

ఒక తెల్లవారుజామున మెట్ల పైన కాసేపు కూర్చుని లేవబోతే కాలు నిలవలేదు. కావడి ఒరిగింది. పాకం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు నిదానంగా, ఎవరో కలలో నడుస్తున్నట్టు దిగిపోయింది. సెలో దాన్ని చూస్తూ నిలబడ్డాడు. వయసు మళ్ళింది, కాలు అరిగింది, అనుకున్నాడు. డబ్బా కారడం మొదలవకముందే అమ్ముకోవాలి, కారుతోందని ఊరికి తెలిస్తే పాత ఇనుము ధర కూడా రాదు. ఏదో ఒక రోజు ఈ మెట్ల మీద పడితే కొండా పోతుంది, కావడీ పోతుంది. ఇప్పుడే కొండను మార్చుకుంటే కావడి అయినా మిగులుతుంది.

పచ్చ గేటు సంగతి? దాన్ని ఏ పళ్ళెంలో వేసినా తూకం నిలవలేదు. అందుకని దాన్ని పక్కన పెట్టి మిగతాది తూచాడు.

సరస్సు ఒడ్డు రోడ్డు ఇంకో తాహోవాడు గోరియోది. గోరియో వయసులో చిన్నవాడు, మాటలో పెద్దవాడు. సెలోను కుయా, అంటే అన్నా, అని పిలుస్తాడు. తిరుగుడు ముగించి ఖాళీ డబ్బాలు కడుక్కోవడానికి ఇద్దరూ ఎప్పుడూ తినాయ్ షెడ్డుకే వస్తారు. ఆ పూట బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. సెలో మాట కదిపాడో లేదో, గోరియో అందుకున్నాడు.

"దారులు మార్చుకుందామా? నేనూ అదే అనుకుంటున్నా కుయా. కానీ నీ కొండ బంగారు కొండ. ఎందుకొదులుకుంటున్నావ్?"

"బంగారమేరా. అందుకే తమ్ముడివని నీకిస్తున్నా. బయటివాడికిస్తానా?"

"నాదీ అదే లెక్క. ఒడ్డు రోడ్డంటే పరుపు మీద నడిచినట్టు. పెద్దవాడివి, సుఖపడతావని."

"మరి పరుపొదిలేసి మెట్లెక్కుతానంటావేం?"

"కొండగాలి ఊపిరితిత్తులకు మంచిదట."

"నీ ఊపిరితిత్తులకేమొచ్చిందిరా? నీ కేకకు ఆవలి ఒడ్డున కుక్కలు మొరుగుతాయి."

సెలో అనుమానంగా చూశాడు. గోరియో అంతకంటే అనుమానంగా చూశాడు. అమ్మేవాడు తొందరపడితే కొనేవాడు ఆగాలి, కొనేవాడు తొందరపడితే అమ్మేవాడు ఆగాలి. ఇక్కడ ఇద్దరూ తొందరపడుతున్నారు, ఎవరు ఆగాలో తెలియడం లేదు.

"ఒక్క షరతు," అన్నాడు సెలో గొంతు తగ్గించి. "పచ్చ గేటు దగ్గర ఒక పిల్ల వస్తుంది. నీలం గ్లాసు. దానికి పాకం ఇంకో గరిటె వెయ్యాలి. అడక్కముందే వెయ్యాలి."

"వేస్తాలే. అది మాత్రం తూచుకోను."

చేతులు కలిపారు. బేరం అయింది. ఇక లేవాలి.

ఎవరూ లేవలేదు.

"పద మరి, కుయా."

"నువ్వు పద. నాకు తొందరేం లేదు."

"పెద్దవాళ్ళు ముందు లేవాలి."

"కుర్రాళ్ళు ముందు లేవాలిరా. మోకాళ్ళలో జిగురున్నవాళ్ళు."

సోయాబీన్ పొట్టు ఊడుస్తున్న తినాయ్ చీపురు ఆపింది. ఆ షెడ్డు ఆమెది, ఆ నేల ఆమెది, వాళ్ళిద్దరి తాహో కూడా ఆమె చేతిదే. ఓపిక ఒక్కటే ఆమెది కాదు.

"మరియమ్మ తల్లీ! ఏమయ్యా, ఎవరైనా మిమ్మల్ని బెంచీకేసి మేకులు కొట్టారా? నేల కడగాలి, లేవండి."

"ఇదిగో లేస్తున్నాం," అన్నారిద్దరూ. అని సర్దుకుని కూర్చున్నారు.

తినాయ్ ఇంకేం మాట్లాడలేదు. బక్కెట్ ఎత్తి గుమ్మరించింది. చన్నీళ్ళు నేల మీద నాలుకల్లా సాగి, నురగతో, పొట్టుతో, నాలుగు వేడి పాదాల వైపు వచ్చాయి.

"పస్మా!" అని ఒకే గొంతుతో అరిచి ఇద్దరూ ఎగిరి లేచారు. మడమ నేలకు తగలగానే ఇద్దరూ మళ్ళీ అరిచారు. ఈసారి మాట లేదు, కేకే. సెలో కుడికాలు ఎత్తి కావడిబద్ద పట్టుకున్నాడు. గోరియో ఎడమకాలు ఎత్తి సెలోను పట్టుకున్నాడు. చెరొక కాలి మీద, కొంగల జంటలా, నీళ్ళ మధ్య నిలబడి ఒకరి మడమను ఒకరు చూసుకున్నారు.

"నీక్కూడానా?" అన్నాడు సెలో.

"పొద్దున్నే మొదటి అడుగు. తర్వాత పోతుంది. నీకు?"

"దొంగవెధవా! కుంటి గుర్రాన్ని నాకు అంటగడదామనుకున్నావా?"

"నువ్వు నాకిచ్చేది రెక్కల గుర్రమా, కుయా? మెట్లెక్కితే మడమ ఆనదు కదా, మునివేళ్ళ మీద పోవచ్చు అనుకున్నా!"

"చదును రోడ్డు మెత్తగా ఉంటుందని నేననుకున్నా!"

"మెత్తనా? ఒడ్డంతా సిమెంటు పోసేశారుగా!"

తినాయ్ చీపురుకు ఆనుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇద్దరినీ సంత వెనకున్న ఆరోగ్య కేంద్రానికి తరిమింది. కొండవీధిలోనే కాపురముండే డాక్టర్ అమాలియా అక్కడ కూర్చునే రోజు అది.

డాక్టర్ అమాలియా సెలో పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మడమ లోపలి అంచు ముందు బొటనవేలితో నొక్కింది. సెలోకు పట్టపగలే సరస్సు మీద నక్షత్రాలు కనిపించాయి.

"ఇక్కడేనా? లేవగానే ఎక్కువ, నడిస్తే తక్కువ, కూర్చుని లేస్తే మళ్ళీ ఎక్కువ. అవునా?"

"మీకెవరు చెప్పారు?"

"మీ కావడి చెప్పింది. మా కిటికీ కింద రోజూ కుంటుతోంది. నిద్రలో కిర్రుల లెక్క తప్పుతున్నా." ఆమె సెలో చెప్పు తీసి వెలుతురుకు పట్టింది. మడమ చోట రబ్బరు సిగరెట్ కాగితంలా అరిగిపోయి, అవతలి గోడ కనబడుతోంది. "అరికాలి కింద ఒక పట్టీ ఉంటుంది, మాంగ్ సెలో. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా. మీ డబ్బాను మోసే తాడు లాంటిదనుకోండి. బరువుతో, గట్టి నేలతో, ఈ చెప్పులతో అది ముడి దగ్గర పోగులు రేగింది. రాత్రంతా ముడుచుకుని పడుకుంటుంది. పొద్దున్నే ఒక్కసారిగా మీ బరువంతా పడితే లాక్కుంటుంది. అదే మీ మేకు."

"నడిస్తే పోతోందిగా?"

"సాగి వేడెక్కితే నొప్పి మాట్లాడదు. రేగిన పోగు రేగినట్టే ఉంటుంది. మీ తాడు ఎప్పుడు బాగుచేస్తారు? డబ్బా కింద పడ్డాకా?"

"ఛ! మొదటి పోగు లేచినప్పుడే."

"మరింకేం? ఇదీ అంతే."

 డాక్టర్ సెలో తక్కెడతోనే సెలోను తూచింది.

ఆమె చెప్పినవి పెద్ద మందులేం కాదు. మంచం దిగకముందే తువ్వాలు వేళ్ళ కింద వేసి, మోకాలు చాపి, పాదాన్ని మెల్లగా తన వైపు లాక్కోవాలి. తర్వాత గోడకు చేతులు ఆనించి పిక్క సాగేలా నిలబడాలి. ఇంట్లో కూడా సిమెంటు మీద ఒట్టి కాళ్ళతో తిరగకూడదు. మడమ కింద మెత్త ఉన్న చెప్పులు వేసుకోవాలి. కావడి బరువు సగానికి దించాలి. రోజూ ఐసు సీసా మీద అరికాలు దొర్లించాలి.

"ఐసా?" గోరియో కుర్చీలోంచి లేచి, లేచినందుకు మూలిగాడు. "నడిచొచ్చిన కాలికి ఐసా? పస్మా కొట్టదూ?"

డాక్టర్ నవ్వలేదు. "మా అమ్మ కూడా అదే అంటుంది. సరే, బేరమాడదాం. ఇంటికి రాగానే వద్దు. కాళ్ళ వేడి దిగేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకోండి. దిగాక సీసాకు గుడ్డ చుట్టి దొర్లించండి. మా అమ్మ మాటా నిలబడుతుంది, నా మాటా నిలబడుతుంది."

ఇద్దరికీ లాభమున్న బేరాన్ని సెలో జన్మలో కాదనలేదు. తల ఊపాడు.

"తొందరగానే వచ్చారు. ఎక్కువమందికి ఇంతతోనే తగ్గుతుంది, కాకపోతే వారాలు, నెలలు ఓపిక పట్టాలి. ముదరబెట్టుకుంటే ఏళ్ళు ఈడుస్తుంది. వాపు గానీ, తిమ్మిరి గానీ, జ్వరం గానీ వచ్చినా, పడుకున్నా నొప్పి వదలకపోయినా ఆగకుండా రండి. ఇంకొకటి, మాంగ్ సెలో. నేను చెప్పేదాకా మెట్లెక్కొద్దు."

ఊపుతున్న తల ఆగిపోయింది.

దారుల బేరం తినాయ్ నీళ్ళలోనే కొట్టుకుపోయింది. మర్నాటి నుంచి సెలో కొండవీధి మొదటి మెట్టు దగ్గరే కావడి దించాడు. సగం బరువు, కొత్త చెప్పులు. "తాహో...ఓ...ఓ!" కేక ఒక్కటే పైకి వెళ్ళింది. కింది ఇళ్ళవాళ్ళు వచ్చారు. పై ఇళ్ళవాళ్ళు కొందరు విసుక్కుంటూ, ఆవలిస్తూ దిగారు. కేక చర్చి గోడకు తగిలి ఖాళీ గ్లాసులా వెనక్కి వచ్చింది. నీలం గ్లాసు రాలేదు. చిన్నపిల్ల, అన్ని మెట్లు ఎలా దిగుతుంది? దించేవాళ్ళెవరు?

ఇంటి దగ్గర పొద్దున్నే నిద్రకీ మెలకువకీ మధ్య తువ్వాలు లాగుతూ పడుకునేవాడు. కళ్ళు మూసుకుంటే కొండంతా తాహోలా తెల్లగా, మెత్తగా వణికేది. మెట్లన్నీ అందులో మునిగిపోయేవి. ఎక్కడో పైన పచ్చ గేటు మాత్రం పడవలా తేలుతూ దూరమయ్యేది. కళ్ళు తెరిచి పాదం కిందపెట్టేవాడు. మేకు ముల్లయింది. ముల్లు కొన్నాళ్ళకు బియ్యపు గింజయింది.

ఒక తెల్లవారుజామున గింజ కూడా తగల్లేదు.

మంచు దట్టంగా ఉంది. సెలో మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టాడు. ఏమీ అనలేదు. రెండో కాలు ఎత్తాడు. తగ్గిపోయిందిగా, పైదాకా వెళ్ళి నీలం గ్లాసు నింపి వచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? డాక్టర్ ఇంకా నిద్రలో ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చింది. నొప్పి మాట్లాడకపోతే పోగు అతుక్కున్నట్టు కాదు. నారు పచ్చగా ఉందని కోసుకు తినేవాడికి పంట దక్కదు. ఇవాళ ఒక్కసారి ఎక్కితే ఒక్క గ్లాసు. ఆగితే ఆ పిల్ల పెద్దదయ్యేదాకా ప్రతి తెల్లవారుజామూ.

ఇంత తేలికైన లెక్క వేయడానికి అంత కష్టమెందుకైందో అతనికి తెలియలేదు. కాలు దించాడు. దించి, ఉన్న ఊపిరంతా పెట్టి కేక వేశాడు. ఆ ఓకారం మంచును చీల్చుకుంటూ ఎంత దూరం పోయిందో అతనికే ఆశ్చర్యమేసింది.

గోడకు తగిలి తిరిగి రావలసిన కేక రాలేదు. దాని బదులు చెప్పుల చప్పుడు వచ్చింది. టపటపా చిన్న చెప్పులు. వాటి వెనక ఆగి ఆగి పెద్ద చెప్పులు. మంచులో ముందు నీలం గ్లాసు కనబడింది.

"లోలో! నీ కేక రోజూ కిందే ఆగిపోతోంది!"

వెనక శాలువా కప్పుకుని, గోడ పట్టుకుని, ఆలింగ్ పానియాంగ్.

"పొద్దున్నే దీని ఏడుపు పడలేక వచ్చా," అంది సెలోను కాకుండా డబ్బాను చూస్తూ. "కాలికేమైంది?"

"మడమ. డాక్టర్ తను చెప్పేదాకా మెట్లెక్కొద్దంది. ముదరకముందే పట్టుకున్నాం."

"నోటిని కూడా అలాగే పట్టుకోవాల్సింది."

సెలో నీలం గ్లాసు అందుకున్నాడు. గ్లాసులో తాహో వేశాడు, పాకం పోశాడు, అడక్కముందే ఇంకో గరిటె పోశాడు. పానియాంగ్ ఆ గ్లాసు అందుకుని, చేతిలో పైకీ కిందికీ ఆడించింది. కనుబొమలు ముడిచింది.

"దీనికి చెప్పినంత బరువు లేనట్టుందే, బలాయే."

ఆ చివరి మాట మంచులో కాసేపు అలాగే నిలబడింది. సెలో తలవంచి ఇంకో గరిటె వేశాడు. ఆమె మళ్ళీ ఆడించింది. ఇంకోటి వేశాడు. ఆమె గ్లాసును పిల్ల చేతికిస్తే పాకం అంచులు దాటి వేళ్ళ మీదికి కారింది. నింగ్‌నింగ్ నాక్కుంటూ నవ్వింది.

"ఊఁ, ఇప్పుడు సరిపోయింది," అంది పానియాంగ్. "నీ డాక్టర్ పైకి రానిచ్చాక గేటు దగ్గర నిలబడకు. నిలబడితే మడమకు మంచిది కాదటగా. లోపల బెంచీ ఉంది."

జవాబుకు ఆగకుండా వెనక్కి తిరిగింది. మొదటి మెట్టు మీద కాలు పెడుతూనే గోడను గట్టిగా పట్టుకుంది. పెద్ద చెప్పు ఒకసారి టప్పుమని, రెండోసారి ఆలస్యంగా టప్పుమంది. సెలో చెవి రిక్కించాడు. సరుకు చూడకుండా చప్పుడుతోనే గుర్తుపట్టేవాడు అతను. ఆ ఎడం అతనికి బాగా తెలుసు.

మంచు ఇద్దరినీ మూసేసింది.

"బలాయే!" అని కేకేశాడు పైకి. "పొద్దున్నే మంచం దిగగానే, మొదటి అడుగు... మేకు దిగినట్టుంటుందా?"

"నోర్మూసుకో!" అని వచ్చింది మంచులోంచి.

చెప్పుల చప్పుడు ఇంకో రెండు మెట్లు ఎక్కి ఆగింది. పిల్ల గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"నీకెలా తెలిసింది?"

సెలో కావడి పక్కన పెట్టి, మొదటి మెట్టు మీద తీరుబడిగా కూర్చున్నాడు.

"దిగిరా. ముందు ఇంట్లో పాత తువ్వాలుందో లేదో చెప్పు."